దుమ్ముకు హద్దు గీసేది ఎవరు?

భూసార పరీక్షకు మట్టి ఎట్ల తీస్తరో మనకెరుకే. పైన చెత్త జరిపి, ఆరు ఇంచులు తవ్వి, పైమట్టి లోమట్టి కలిపి సంచిల నింపుతం. పంట ఏర్లు లోపలికి పోతయ్ కాబట్టి ఎరువుల లెక్కకు అది సరైనదే. రేడియోధార్మిక దుమ్మును గూడ గట్లనే కొలిస్తే మాత్రం మోసపోతం. గాలికి లేసేది పైపొర. దానిల కింది మంచి మట్టి కలిపితే నంబర్ తగ్గుతది, పాలల్ల నీళ్లు పోసినట్టు.

అందుకే "మట్టిల ఇంత ఉంటే ఫర్వాలేదు" అని ఎవరన్న అంటే, ఆ నంబర్ ఎట్ల వచ్చిందో ముందు అడగాలె. అమెరికాల డెన్వర్ పక్కనున్న రాకీ ఫ్లాట్స్ దీనికి మంచి పాఠం.

అణుబాంబులకు ప్లుటోనియం భాగాలు తయారుచేసిన ఫ్యాక్టరీ అది. 1957ల, 1969ల అగ్గి అంటుకున్నది. ఆరుబయట పెట్టిన డ్రమ్ములు కారి, ప్లుటోనియం కలిసిన నూనె మట్టిల ఇంకింది. ఆ మట్టే దుమ్మయి కంచె దాటింది. ప్లుటోనియం వదిలే ఆల్ఫా కణాలను కాగితం ముక్క గూడ ఆపుతది. కానీ దుమ్ము ఊపిరితిత్తులకు చేరితే ఏండ్లకేండ్లు అక్కడనే ఉంటది. మట్టిల అది సగానికి తగ్గాలంటే 24 వేల ఏండ్లు పడతది.

1973ల కొలరాడో రాష్ట్రం ఒక హద్దు పెట్టింది. గ్రాము మట్టిల నిమిషానికి 2 కన్న ఎక్కువ అణువులు విచ్ఛిన్నమైతే, అక్కడ ఇండ్లు కట్టేటప్పుడు ప్రత్యేక జాగ్రత్తలు తీసుకోవాలె. అక్కడి కౌంటీ ఆరోగ్య అధికారి డాక్టర్ కార్ల్ జాన్సన్ దీన్ని తప్పుపట్టిండు. మట్టంత కలిపి కాదు, ఊపిరిల పోయే సన్న దుమ్మును వేరుగ కొలవాలె అన్నడు. 1981ల ఆయన కొలువు పోయింది.

1996ల ఆ జాగను సాఫ్ చేసేటందుకు అధికారులు ఇంకో హద్దు పెట్టిన్రు: గ్రాముకు 651 పికోక్యూరీలు. అంటే నిమిషానికి సుమారు 1,445 అణువులు. రెండు హద్దుల పని వేరే, నిజమే. అయినా జనం ఊకోలే. మళ్ల లెక్క తీయాలని పట్టుబట్టిన్రు. స్వతంత్ర నిపుణులు వచ్చిన్రు. ఆ జాగల పశువులు మేపుకుంట ఒక కుటుంబం బతికితే ఎట్ల? గడ్డి తగలబడి, నేల బోసిపోయి, గాలి దుమారం లేస్తే ఎట్ల? ఇవన్ని లెక్కగట్టి 2000ల 35 చాలన్నరు. చివరికి 2003ల పైన మూడు ఫీట్ల మట్టికి 50 ఖాయమైంది. అది గూడ అక్కడ కాపురముండే కుటుంబం కోసం కాదు, వన్యప్రాణుల ఆశ్రయంల పనిచేసేటాయన కోసం. అంతకన్న లోతుల ఇంక ఎక్కువనే వదిలిన్రు.

మట్టి అదే. మనిషి మారితే నంబర్ మారింది.

మనకెందుకు ఈ ముచ్చట? కడప జిల్లా తుమ్మలపల్లెల యురేనియం తీస్తున్నరు, అక్కడ వ్యర్థాల చెరువు ఉన్నది. నల్లమలల యురేనియం వద్దని 2019ల తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. యురేనియం వ్యర్థం, ప్లుటోనియం ఒకటి కాదు. కానీ ఎండిన వ్యర్థం గాలికి లేస్తే అడిగే ప్రశ్నలు అవే.

రేపు ప్రజాభిప్రాయ సేకరణల ఎవరన్న "హద్దుల్లనే ఉన్నది" అంటే, తమ్మీ, చెల్లే, మూడు మాటలు అడుగుండ్రి. ఎంత లోతు మట్టి తీసిన్రు? ఎండకాలం గాలి దుమారాన్ని లెక్కల పట్టిన్రా? ఆ లెక్కల ఉన్న మనిషి ఎవరు, ఎనిమిది గంటలు పనిచేసి పోయేటాయననా, దినమంత చేన్ల ఉండే మా అమ్మనా?