తప్పు ఎవరిదని ప్రభువు అడగలేదు

తపస్సుకాలం మొదటి వారం శుక్రవారం పూజలో మత్తయి ఐదో అధ్యాయం చదువుతారు. ఏటా విన్నదే. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వెళ్లాక నీ సోదరుడు గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టేసి, ముందు వెళ్లి అతనితో సమాధానపడి రమ్మంటాడు యేసు. ఇన్నేళ్లూ నాకు దీని అర్థం ఒకటే: ఎవరి మీదైనా కోపం ఉంటే మనసులోంచి తీసేసి పూజకి రావాలి. నాకు ఎవరి మీదా కోపం లేదు కాబట్టి ఈ మాట నాకు కాదులే అనుకునేవాణ్ణి.

మీ ఫోన్‌లో బైబిల్ యాప్ ఉంటే ఒకసారి తీసి 23వ వచనం చూడండి. నీకు అతని మీద కోపం ఉంటే అని లేదక్కడ. అతనికి నీ మీద ఏదైనా ఉంటే అని ఉంది. తప్పు ఎవరిది, ముందు ఎవరు మాట అన్నారు, ఎవరు పెద్ద, ఎవరు చిన్న... ఇవేవీ అడగలేదు. అవతలివాడి మనసు నొచ్చుకుందా? నీకు గుర్తొచ్చిందా? అయితే నువ్వే బయల్దేరు. అంతే.

నాకు గుర్తొచ్చింది మా అన్నయ్య. నిరుడు అమ్మకి ఆపరేషన్ అయింది. నేను హైదరాబాద్‌లో, అన్నయ్య తెనాలిలో. తిరిగిందంతా వాడే. నేను సగం డబ్బు పంపి, పది రోజుల తర్వాత ఫ్యామిలీ గ్రూపులో ఓ మెసేజ్ పెట్టాను: "అన్నయ్యా, బిల్లులు ఒకసారి ఇక్కడ పెట్టు, లెక్క చూసుకుందాం." చివర్లో నవ్వు బొమ్మ కూడా పెట్టాను. పది నిమిషాల్లో అన్నయ్య గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలు మాటల్లేవు.

లెక్క అడగడం తప్పా అని స్నేహితుల్ని అడిగాను. కాదన్నారు. నిజమే, తప్పు కాకపోవచ్చు. కానీ ఆ తొమ్మిది రాత్రులూ వాడు ఆసుపత్రి వరండాలో దుప్పటి పరుచుకుని పడుకున్నాడట. ఆ సంగతి నాకు తర్వాత పిన్ని చెప్పింది. నేనెప్పుడూ అడగలేదు.

ఆ శుక్రవారం సిలువ మార్గం అయ్యాక పూజలో, కానుక కవరు చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఇంకో సంగతి తట్టింది. యేసు ఈ మాట చెప్పింది గలిలయలో. వింటున్నవాళ్లలో చాలామందిది ఆ చుట్టుపక్కల ఊళ్లే. బలిపీఠం ఉన్నది యెరూషలేము దేవాలయంలో. వంద కిలోమీటర్ల పైమాటే, మూడు రోజుల నడక. అంత దూరం నడిచి, గొర్రెపిల్లనో పావురాలనో తీసుకుని పీఠం దాకా వెళ్లినవాణ్ణి, అది అక్కడ వదిలేసి వెనక్కి ఊరెళ్లి, అన్నదమ్ముణ్ణి కలిసి మళ్లీ రమ్మంటున్నాడు. పోనూ రానూ ఆరు రోజులు! విన్నవాళ్లు నవ్వి ఉంటారు, లేకపోతే తల దించుకుని ఉంటారు. నాకైతే ఆరు రోజులు అక్కర్లేదు. తెనాలికి రాత్రి బస్సుంది.

మన పూజలో పరలోక జపం అయ్యాక సమాధానం చెప్పుకుంటాం కదా, చేతులు జోడించి. భారతదేశంలో పూజ కోసం రోము 1969లో ఒప్పుకున్న 12 మార్పుల్లో ఆ నమస్కారం ఒకటి. రెండో శతాబ్దంలో పునీత జస్టిన్ రాసిన ప్రకారమైతే, అప్పటివాళ్లు కానుకలు పీఠం దగ్గరికి తేకముందే ఒకరికొకరు సమాధానపు ముద్దు పెట్టుకునేవారు. మిలాన్‌లో ఇప్పటికీ కానుకలకి ముందే చెప్పుకుంటారు. మత్తయి చెప్పిన వరుస అదే. మనం ఎప్పుడు చెప్పుకున్నా ఒక సుఖం మాత్రం ఉంది: పక్కన ఉన్నవాడు ఎవరో మనకి తెలీదు. తెలియనివాడికి నమస్కారం పెట్టడం ఎంత తేలిక! అలిగినవాడు అటువైపు బెంచీలో ఉంటే మన తల అటు తిరగదు.

ఒక్కమాట మాత్రం చెప్పాలి. మిమ్మల్ని కొట్టినవాళ్ల దగ్గరికి, మీ మీద చెయ్యి వేసినవాళ్ల దగ్గరికి వెళ్లమని ఈ వాక్యం చూపించి ఎవరైనా ఒత్తిడి పెడితే వినకండి. ఇక్కడ గాయపడినవాడు ఇంట్లోనే కూర్చుంటాడు. నడవాల్సింది గాయపరిచినవాడు.

సరే, నా సంగతి. పూజ మధ్యలో లేచి వెళ్లేంత ధైర్యం నాకు లేదు. కవరు పళ్లెంలో వేసేశాను. బయటికొచ్చి గుడి మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను. ఎత్తలేదు. సారీ అని మెసేజ్ టైప్ చేసి, చదివి, చెరిపేశాను. అసలు తగాదా మొదలైందే మెసేజ్‌తో. శనివారం రాత్రి బస్సెక్కాను.

తెల్లారేసరికి గేటు దగ్గరున్నాను. అన్నయ్య బనీను మీద బండి తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి, "చెప్పకుండా వచ్చావేంట్రా, అమ్మకి బానే ఉందిగా?" అన్నాడు. నేను బస్సులో తయారు చేసుకున్న మాటలన్నీ పోయాయి. "బిల్లులు అడిగాను గానీ అన్నయ్యా, నువ్వెక్కడ పడుకున్నావో అడగలేదు" అన్నాను.

వాడు గుడ్డ పిండి, అద్దం మళ్లీ తుడిచాడు. అప్పటికే రెండుసార్లు తుడిచిన అద్దమది. లోపల్నుంచి వదిన, "ఎవరండీ?" అంటోంది. "తమ్ముడు. టీ పెట్టు" అన్నాడు.

టీ తాగేటప్పుడు కూడా ఆసుపత్రి మాట ఎత్తలేదు. "పూజ చూశావా?" అని మాత్రం అడిగాడు.

"లేదు, తిన్నగా బస్టాండ్ నుంచే వచ్చాను."

"ఎనిమిదిన్నరకి ఉంది. మొహం కడుక్కో."

బండి వెనక కూర్చుని వెళ్లాను. సమాధానం చెప్పుకునేటప్పుడు వాడు ముందు అటుపక్కాయనకి నమస్కారం పెట్టి, తర్వాత నా వైపు తిరిగాడు. గ్రూపులోకి మాత్రం ఇంకా రాలేదు.