వీడియో తీసేవాళ్ళని ముందు పొలానికి రమ్మనండి



మన బియ్యం మనమే అమ్ముకుందాం అనుకున్నాక వీడియో తప్పదు. మేం ఐదుగురు రైతులం కలిసి నవార, కుళ్ళకార్, మైసూర్ మల్లిగ బియ్యం సిటీలో అమ్ముతున్నాం. ఫోన్‌తో తీసినవి చాలవనిపించి, అరవై వేలు మాట్లాడుకుని ఒక కంపెనీని పిలిచాం. వాళ్ళు చూపించిన పాత వీడియోలకి కళ్ళు చెదిరిపోయాయి. అపార్ట్‌మెంట్లు, బంగారం షాపులు, ఒక ఇంజినీరింగ్ కాలేజీ. అందులో ఒక్క పొలమైనా లేదన్న సంగతి అప్పుడు మాకు తట్టలేదు.

మే నెలలో వచ్చారు. మే నెలలో వరి పొలంలో మోళ్ళు తప్ప ఏముంటాయి? డ్రోన్ ఎగరేశారు, నన్ను తెల్లపంచె కట్టుకుని గట్టు మీద నడవమన్నారు, సాయంత్రానికి సర్దుకుని వెళ్ళిపోయారు. మరి వీడియోలో పచ్చటి పైరు ఎక్కడిదయ్యా అంటే, ఇంటర్నెట్‌లో కొన్న క్లిప్పులట! వాటిల్లో ఒకచోట, నాలుగు సెకన్లే, ఎవరో వీపున ట్యాంకు తగిలించుకుని పిచికారీ చేస్తుంటాడు. మేం గమనించలేదు. రెండేళ్ళుగా మా దగ్గర బియ్యం తీసుకుంటున్న ఒకావిడ ఫోన్ చేసి "మీరు కూడా మందు కొడతారా అండీ?" అని అడిగింది. కషాయం కొట్టేదీ అలాంటి ట్యాంకుతోనే, ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ పొలం మాది కాదు కదా. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ మళ్ళీ ఆర్డర్ పెట్టలేదు.

ఇంకోటి. వాయిస్‌లో "నవార తింటే షుగర్ జబ్బు పోతుంది" అని పెట్టారు. తిండి పదార్థం రోగం నయం చేస్తుందని ప్రచారం చేయకూడదని 2018 నాటి ఫుడ్ సేఫ్టీ నిబంధనలు చెబుతున్నాయి. కేసు అయితే అమ్మేవాడి మెడకి చుట్టుకుంటుంది.

రెండోసారి మా మండలంలో పెళ్ళిళ్ళు తీసే కుర్రాడిని అడిగాం. వాడు రేటు చెప్పకముందే "నారు ఎప్పుడు పోస్తారు బాబాయ్?" అన్నాడు. నాకు అక్కడే నచ్చాడు. నారుమడికి, కలుపుకి, పొట్టదశకి, కోతకి, మొత్తం నాలుగుసార్లు వచ్చాడు. 200 లీటర్ల డ్రమ్ములో జీవామృతం కలుపుతుంటే పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి, గట్టుమట్టి ఒక్కొక్కటీ వేసేటప్పుడు ఆగి తీశాడు. పాట పెట్టలేదు, కోనోవీడర్ తిరిగే చప్పుడే ఉంచాడు. (సినిమా పాట పెడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది, జాగ్రత్త.) లైటింగ్ అంత బాగా రాలేదు, రెండుచోట్ల కెమెరా ఊగింది. పర్వాలేదు, అది మా పొలం.

పెళ్ళి వీడియోల వాళ్ళే మేలని నేననడం లేదు. పంట కాలం అడగనివాడికి మాత్రం అడ్వాన్స్ ఇవ్వొద్దంటాను. కాగితం మీద రెండు మాటలు రాయించుకోండి: బయటి క్లిప్పు ఒక్కటీ వాడకూడదు, తీసిన ఫుటేజీ మొత్తం హార్డ్‌డిస్కులో మనకివ్వాలి. డబ్బులిచ్చి తీయించుకున్న సినిమాకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాడే మొదటి హక్కుదారు అని 1957 కాపీరైట్ చట్టంలోనే ఉంది. హక్కు ఉన్నా ఫుటేజీ వాళ్ళ దగ్గర ఉండిపోతే మనకి ఉపయోగం లేదు. మా మొదటి కంపెనీ ఇప్పటికీ ఇవ్వలేదు.

కొత్త వీడియో ఆవిడకి వాట్సాప్‌లో పంపాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఆర్డర్ ఇంకా రాలేదు.