వాల్వు యంత్రములకు మడి యేల?

పాతది గావున పాఱవేయు డనువారొక ప్రక్కను, పాతది గావున ముట్టవల దనువారు మఱియొక ప్రక్కను నిలిచి, నడుమనున్న వస్తువును చూడకయే కలహించుట మన యిండ్లలో క్రొత్త సంగతి కాదు. నగలు, తాళపత్రములు, ఆచారములు, ఇంటి దూలములు, దేనిని గూర్చియైనను ఈ రెండు పక్షములే. ఇప్పుడు మేము వ్రాయబూనినది వాల్వు ఆంప్లిఫయరులను గూర్చి. గ్రామఫోను రికార్డు నుండి గాని రేడియో నుండి గాని వచ్చు మిక్కిలి సన్నని విద్యుత్తరంగమును పెంచి లౌడుస్పీకరును పలికించు పెట్టెయే ఆంప్లిఫయరు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టి, అటుపిమ్మట క్రమముగా ఇండ్లకు చేరువఱకు, ఈ పనియంతయు గాజుబుడ్డి వాల్వులే చేసినవి. ఆనాటి పెట్టెలు ఇంకను కొన్ని యిండ్లలో, గ్రంథాలయములలో, దేవాలయముల కొట్లలో మిగిలియున్నవి. వానిని బాగుచేయించుటయా, తీసివేసి క్రొత్తది కొనుటయా యను ప్రశ్నకు జవాబు వయస్సును బట్టి గాని మమకారమును బట్టి గాని చెప్పదగినది కాదనియు, లోపలి ఇనుమును బట్టి చెప్పవలసినదనియు మా వాదము.

మాకీ విషయము పట్టుటకు కారణము రాజమహేంద్రవరమున మా మిత్రునింట జరిగిన తగవు. ఆయన తండ్రిగారు చెన్నపట్టణమున ఉద్యోగము చేయు దినములలో కొన్న క్వాడ్ టూ ఆంప్లిఫయరుల జంట ఆ యింట గలదు. ఇంగ్లండున 1953లో వెలువడిన యంత్రమది. ఒక్కొక్క పెట్టెలో కేటీ 66 వాల్వులు రెండు, ఈఎఫ్ 86 వాల్వులు రెండు, ఏసీ కరెంటును డీసీగా మార్చు జీజెడ్ 32 ఒకటి, వెరసి అయిదు. ధ్వని 15 వాట్లు. పెద్ద కుమారుడు దీనిని పాతసామానువాని కిచ్చి, చేతి ఫోనుతో నడచు క్రొత్త పెట్టె కొంద మనును. చిన్న కుమారుడు ఇందులో ఒక్క మర మార్చినను తాతగారి నాదము చెడు ననును. తగవు ఆఱు నెలలు సాగినది. ఆ ఆఱు నెలలును యంత్రము ప్రతి సాయంకాలమును మ్రోగుచునే యుండెను. ఒక వాల్వులోని రేకు నిప్పుకణికవలె ఎఱ్ఱబడుచుండగా ఇంటివారు దానిని అందమని మెచ్చుకొనుచుండిరి!

మొదట చిన్నవాని పక్షమును పరీక్షింతము. విద్యావంతులలో అదియే ప్రబలుచున్నది. "అసలు భాగములు" అనునది వీరి నోట మంత్రమైనది. తయారైననాటి కండెన్సరే యుండవలె, నాటి టంకమే యుండవలె, పరుల చేయి తగిలిన మైలపడును. మడియని పేరు పెట్టలేదు గాని యిది మడియే. మనుష్యుల విషయమున దానిని విడిచితిమని చెప్పుకొనువారు రేకుడబ్బాల విషయమున మరల తెచ్చుకొనుట మాకు వింతగా నున్నది.

యంత్రములోని భాగములన్నియు ఒక్క రీతిగా ముసలివి కావు. ట్రాన్స్‌ఫార్మరనగా ఇనుపరేకులు, రాగితీగ. మితిమీరి వేడెక్కకుండిన అది తాతలనాటిదైనను చెడదు. వాల్వు అరుగును, అరుగుననియే తయారుచేసినవారు దానిని టంకముతో అతుకక, సులభముగా ఊడదీయుటకు సాకెట్టు నమర్చిరి. యంత్రమును కల్పించినవానికే లేని మడి మనకేల? బొగ్గుతో చేసిన రెసిస్టరుల విలువ ఏండ్లు గడచినకొలది పెరుగును. ఎలక్ట్రొలిటిక్ కండెన్సరులోని ద్రవము ఎండిపోవును. అన్నిటికంటె కపటమైనది కాగితపు కండెన్సరు. పైకి చెక్కుచెదరక కనుపించును. లోపల కాగితము తేమ పీల్చి డీసీని కాఱనిచ్చును.

ఈ కాఱుట యెంతటి చేటో కొంచెము వివరింపవలెను. ముందు వాల్వు ఆనోడుపై నూఱు వోల్టుల వఱకు డీసీ యుండును. దాని నాపి, సంగీతమును మాత్రము తరువాతి వాల్వు గ్రిడ్డునకు పంపుట కప్లింగు కండెన్సరు పని. ఆ కండెన్సరు 20 మెగోముల మాత్రము కాఱినదనుకొందము. సామాన్యమైన మీటరు దీనిని దోషముగా చూపనేచూపదు. కాని గ్రిడ్డునుండి నేలకు పోవు రెసిస్టరు 680 కిలోఓములైనచో దానిపై మూడు వోల్టులకు పైగా నిలుచును. గ్రిడ్డునకు ఉండవలసిన ఋణవోల్టేజి అంతమేర తగ్గును, వాల్వు అధికముగా కరెంటు లాగును, రేకు ఎఱ్ఱబడును, ఆ వేడిమి పోయి పోయి ట్రాన్స్‌ఫార్మరును చేరును. కొలది రూపాయల కండెన్సరును పూజించి, ఎంత వెదకినను దొరకని ట్రాన్స్‌ఫార్మరును బలి యిచ్చినట్లగును. చెదపట్టిన ఒక్క వాసమును మార్చనీయక ఇల్లంతయు కూలనిచ్చువానిని మనము పితృభక్తుడని పొగడుదుమా?

తాతగారి నాదమందురా, ఆయన విన్నది క్రొత్త కండెన్సరుల నాదము. నేడు వీరు వినుచున్నది కాఱు కండెన్సరుల నాదము. తాతగారు విన్నది వినగోరువాడు ముందుగా వానిని తీసివేయవలెను. యంత్రమును అద్దాల బీరువాలో నుంచి ఎన్నడును మీట నొక్కమనువారితో మాకు జగడము లేదు. వస్తుప్రదర్శనశాలల ధర్మము వేఱు.

ఈ వాదములన్నియు జరుగుచుండగా, వంటయింటి గుమ్మమున నిలిచిన మా మిత్రుని భార్య ఒక్క మాట అడిగెను: "అన్నగారూ, అది తుడుచునప్పుడు నా వ్రేళ్లు జిల్లుమనుచున్నవి. అట్లు ఉండవచ్చునా?" మగవారు మువ్వురము ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి. నాదమును గూర్చి ఆఱు నెలలు తర్కించిన యింట ఈ ప్రశ్న నెవ్వరును వేయలేదు. ఆమెయైనను ఇదివఱకు వేయకుండుటకు, అడిగినచో నవ్వుదురేమో యను సంకోచమే కారణము. యంత్రమును ప్రతిదినమును ముట్టునది ఆమె యొక్కతెయే.

ప్లగ్గు తీసి చూడగా దానికి రెండే కాళ్లు. ఎన్నడో ఒక మెకానిక్కు, హమ్మను మ్రోత పోవుటకై, ఎర్తు తీగను కత్తిరించిపెట్టెను. మ్రోత పోవుటకు మార్గములు వేఱుగా గలవు. ఎర్తు కత్తిరించుట మాత్రము మార్గము కాదు. లోపల 300 వోల్టులకు మించిన డీసీ తిరుగు ఇనుపపెట్టెకు ఎర్తు లేకుండ చేయుట నేరమని మేము స్పష్టముగా చెప్పుచున్నాము. పాఠకులు, ముఖ్యముగా గృహిణులు, ఇంకొక సంగతి ఎఱుగవలెను: ప్లగ్గు తీసిన తరువాతను కండెన్సరులలో ఆ వోల్టేజి కొంతసేపు నిలిచియుండును. అందుచేత అడుగురేకును తెఱచుట తెలిసినవాని పనియే గాని ఆదివారపు వినోదము కాదు. ఏండ్ల తరబడి మూలబడిన యంత్రమును "ఒక్కసారి వేసి చూతము" అని తిన్నగా కరెంటునకు తగిలించుట అన్నిటికంటె చెడ్డ పరీక్ష.

ఇక పెద్దవాని పక్షము. ఆయన వాదమున సత్యము లేకపోలేదు. నేటి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు స్వల్పమైన కరెంటుతో నడచును, ధ్వనిని తక్కువగా వక్రించును, వేసవిలో గదిని పొయ్యి చేయదు. వాల్వు యంత్రమో, పాట యున్నను లేకున్నను పెనమువలె కాగుచునే యుండును. ఇంట ఏమియు లేనివాడు సలహా యడిగినచో ట్రాన్సిస్టరుదే కొనుమందుము. వాల్వు నాదమున ఏదో దివ్యత్వమున్నదని చెప్పి అమ్ముకొనువారి మాట మేము నమ్మము. కాని యింటనున్నదానిని పాఱవేయుట వేఱు ప్రశ్న. క్వాడ్ టూ వంటి యంత్రమున మిక్కిలి విలువైనది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. పొరలు పొరలుగా కలిపి చుట్టిన అట్టిదానిని నేడు చుట్టించుట శ్రమ, వ్యయము. తక్కిన భాగములన్నియు ఒక పలకపై తీగలతో చేతిగా అతికినవి. టంకపు కడ్డీ పట్టగలవాడు ఒక్కొక్కటిగా మార్చవచ్చును. పెద్దవాడు చూపిన చవుక పెట్టెలోనో అంతయు ఒక్క చిప్పు; అది పోయిననాడు పెట్టెయే పోవును. మఱియు బజారున కొన్ని పెట్టెల నెత్తిన వాల్వులు నిలిపి, క్రింద రంగుదీపము వెలిగించి, అసలు పని లోపలి చిప్పుచేత చేయించుచున్నారు. వాల్వు లేని లోటు లోటు కాదు. ఉన్నట్లు నటించుట మోసము.

వాల్వులు దొరకవను భయము సగమే నిజము. బెంగుళూరిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీకి పూనుకొన్నది. ఆ కాలము గడచినది. నేడు రష్యాలోని సరాటోవునందు, స్లొవాకియాలో, చైనాలో కేటీ 66 వంటివి తయారగుచున్నవి. జీజెడ్ 32 దొరకనిచోట జీజెడ్ 34ను వాడుదురు. అయినను 2022లో యుద్ధము రాగా సరాటోవు సరకునకు అంతరాయము కలిగి ధరలు పెరిగినవి. కావున మంచి వాల్వును ఊరక మార్చవలదు. వచ్చీరాగానే "వాల్వులన్నియు పోయినవండి" యను మెకానిక్కును మీటరు చూపుమని యడుగుడు. తీసివేసిన ప్రతి భాగమును తిరిగి ఇమ్మనుడు.

నిర్ణయము చేయు విధమిది. వాల్వులన్నియు ఊడదీసి, వరుసలో ఒక బల్బు తగిలించి, దాని గుండ కరెంటు నీయవలెను. మన మెకానిక్కులు సీరీసు లాంపని పిలుచు ఈ సాధనమునకు ఖర్చు లేదు. బల్బు పూర్తిగా వెలిగినచో మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరులోనో దాని తీగలలోనో షార్టు గలదు. మసకగా నుండి, గంటసేపైనను ట్రాన్స్‌ఫార్మరు చల్లగా నున్నచో ప్రాణమున్నదన్నమాట. పిమ్మట అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చుట్టు తెగలేదని మీటరుతో చూడవలెను. ఈ రెండును బాగున్నచో మఱి సందేహింపక బాగుచేయింపుడు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలినదై, చుట్టించు వెల క్రొత్తదాని వెలను మించినచో కన్నీరు విడువక వదలుకొనుడు. అసలు మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరే లేక, ఇనుపచట్రమును తిన్నగా కరెంటు తీగకే కలిపిన ఏసీ-డీసీ సెట్లు కొన్ని గలవు. పిల్లలు తిరుగు నింట అవి యెంత బాగుగా పాడినను ఉండదగవు.

అరకొర విద్యగలవారి సంస్కారమును గూర్చియు హెచ్చరింపవలసియున్నది. పెద్దది మేలని తలచి, 16 మైక్రోఫారడుల కండెన్సరు చోట 100ది పెట్టుదురు. వాల్వు రెక్టిఫయరు ఆ తాకిడికి ఆగదు. కొందఱు రెక్టిఫయరును తీసి సిలికాను డయోడు వేయుదురు. వోల్టేజి హెచ్చి, తక్కిన వాల్వులు వేడెక్కకమునుపే వానిపై పడును. మడి వలదన్నంతమాత్రమున ఇష్టము వచ్చినట్లు చేయుమని మా అభిప్రాయము కాదు. ఏది యెందుకున్నదో తెలిసినవాడే మార్చవలెను. మార్చిన తరువాత ఏ భాగము, ఏ తేది, ఏ బిందువున ఎన్ని వోల్టులు అని కాగితముపై వ్రాసి అడుగురేకు లోపల అంటింపవలెను. వాల్వు తెలిసిన మెకానిక్కులు ముసలివారైరి. వారి చేతివిద్య వారితో పోకుండుటకు ఈ కాగితమంతటి చవుకైన సాధనము వేఱొకటి మాకు తోపలేదు.

మా మిత్రునింట రెండు పెట్టెలును ఇట్లే పరీక్షింపబడినవి. ఒకదాని ట్రాన్స్‌ఫార్మరులు నిర్దోషములు. కేటీ 66 వాల్వును ఊడదీసి దాని గ్రిడ్డు స్థానమున కొలువగా నాలుగు వోల్టులు కనుపించినవి; ఎఱ్ఱదనమునకు కారణ మదియే. కప్లింగు కండెన్సరులు రెండు, కాథోడు రెసిస్టరు, దాని ప్రక్క కండెన్సరు, స్మూతింగు కండెన్సరు మార్చి, మూడుకాళ్ల ప్లగ్గు పెట్టిరి. వాల్వులు అవియే. రెండవదాని మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు వాల్వులు లేకయే అరగంటలో చేయి పెట్టరానంత కాగినది. దానిని చుట్టించుటకు విశాఖపట్టణము నుండి వెల తెప్పించుచున్నారు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు బాగున్నది గావున చుట్టింపు డనియే మేము చెప్పితిమి. పెద్దవా డొప్పుకొనలేదు. చిన్నవాడు తీసివేసిన కండెన్సరులను ఒక బిస్కెట్ల డబ్బాలో దాచుకొనెను. ప్రస్తుతము ఒక్క పెట్టెయే పాడుచున్నది. దానిని తుడిచినప్పుడు చేయి జిల్లుమనుట లేదని ఆ యిల్లాలు మాకు కబురు పంపినది.