పాతకారు కొనువారికి ఒక మాట

మన తాతలు పశువుల సంతకు ఒంటరిగ పోయెడివారు కారు. ఎద్దుల జత కొనదలచినపుడు పండ్లు చూచి వయస్సు చెప్పగలవానిని, సుడులెరిగినవానిని వెంటబెట్టుకొని పోయి, భోజనము పెట్టి, తాంబూలమిచ్చి గౌరవించెడివారు. అమ్మువాడెంత మంచివాడైనను వాని మాటమీదనే ఎద్దును తోలుకొని వచ్చుట వివేకమనిపించుకొనలేదు. అంతకు ఎన్నోరెట్లు వెలగల పాతకారును కొనబోవు నేటి విద్యావంతులు ఆపాటి జాగ్రత్తయైనను వహింపకుండుట మాకు విస్మయమును గూర్చుచున్నది.

ఇటీవల ఒక ఉపాధ్యాయుడు మమ్ము సంప్రదింపవచ్చెను. ఆయన ప్రావిడెంటు ఫండు సొమ్ము తీసి పాతకారు నొకదానిని కొనెను. పైరంగు అద్దమువలె ఉండెనట. మీటరు తక్కువ దూరమును చూపెనట. దలాలి పిలిపించిన మేస్త్రీ "భేషు" అనెనట. వానకాలము రాగానే తలుపుల అద్దములు కదలుట మానెను. దీపములు వెలుగుట మానెను. వేరొక మేస్త్రీ సీటు విప్పిచూడగా దాని పట్టాల త్రుప్పు, తివాసిక్రింద ఎండిన బురద బయటపడెను. బండి ఎప్పుడో నీట మునిగినది.

ఇది ఒక్కరి దౌర్భాగ్యము కాదు. 2020 అక్టోబరులో హైదరాబాదును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన వరదలలో ఎన్నో వాహనములు మునిగినవి. అట్టి బండిని కడిగి రంగువేసినచో సంతలో కొత్తదానివలె నిలుచును. మునిగిన సంగతి దాని నుదుట వ్రాసియుండదు.

"చట్టము నాకు దిక్కు కాదా?" అని ఆ ఉపాధ్యాయుడు అడిగెను. మా ఉత్తరము ఆయనకు రుచింపలేదు. 1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టము 16వ సెక్షను ప్రకారము, సామాన్యముగ వస్తువు నాణ్యమునకు అమ్మువాడు పూచీపడినట్లు భావింపరాదు. మినహాయింపులు కలవు. ఆ రకపు సరకుతో వ్యాపారము చేయువాడు వర్ణననుబట్టి అమ్మినపుడు సరకు విక్రయయోగ్యముగ ఉండవలయును. కాని కొనువాడు దానిని పరీక్షించియున్నచో, ఆ పరీక్షలో తేలదగిన లోపములకు ఈ రక్షణ లేదు. వర్తకుడు కాని గృహస్థు అమ్మినచో ఈ మినహాయింపే వర్తింపదు. మోసమని దావా వేయవచ్చును. వర్తకునిపై 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము క్రింద ఫిర్యాదు చేయవచ్చును. అయినను రుజువు భారమును, వాయిదాల శ్రమయు కొన్నవానివే. ఆ ఉపాధ్యాయుడు నేడు ఆ భారమునే మోయుచున్నాడు.

కావున టైరును కాలితో తన్ని, హారను మ్రోగించి "చూచితిమి" అని తృప్తిపడుట పరీక్ష కాదు. తెలిసిన మేస్త్రీ ఇంజను చల్లగా ఉన్నపుడే నడిపించి చూచును; ముందుగ వేడిచేసియుంచిన ఇంజను తన రోగమును దాచును. పొగ నీలిరంగైనచో ఆయిలు మండుచున్నదని గ్రహించును. బండిని పైకెత్తి అడుగున అతుకులు, త్రుప్పు చూచును. సీటుబెల్టును కడవరకు లాగి బురదచార కలదేమో పరికించును. స్కానరు తగిలించి, దోషసంకేతములు ఉన్నవో, నిన్ననే చెరిపివేయబడినవో తెలిసికొనును. మీటరు చూపు దూరమును సర్వీసు కాగితములతోను, పెడలు రబ్బరుల అరుగుదలతోను సరిపోల్చును. ఇదంతయు ఒక పూట పని. అయితే బండిపై బ్యాంకు అప్పు కలదో లేదో ఆయన చెప్పజాలడు, అది ఆర్.సి.లో మనమే చూచుకొనవలయును.

ఆ మేస్త్రీ ఎవరివాడు అనునదే ప్రధానము. నేడు పెద్ద వర్తకులు తామే పరీక్షాపత్రములను చూపుచున్నారు. అవి అబద్ధములని మేమనము. కాని అవి ఒక పక్షపు సాక్ష్యము. ఎదుటి పక్షపు ప్లీడరు వ్రాసిన దస్తావేజుపై చదువకయే సంతకము పెట్టుదుమా? సెంటు భూమి కొనుటకు ఈసీ తీయించు మనము కారునకు మాత్రము కన్నులు మూసికొననేల? మేస్త్రీ కూలి మన చేతినుండియే పోవలయును. దలాలి పరిచయము చేసినవాడు కారాదు. "చౌకబండికి ఈ ఖర్చేల?" అందురు. చౌకబండికే ఇది మరింత అవసరము. గేరుబాక్సు ఒక్కటి చెడినను మరమ్మతు వెల బండి వెలను సమీపింపవచ్చును.

బయానా ఇచ్చుటకు ముందే పరీక్ష జరుగవలయును. ఇయ్యక తప్పనిచో, లోపము తేలినపుడు బయానా తిరిగి ఇయ్యవలయునని రసీదులో వ్రాయించుకొనుడు. మేస్త్రీ చెప్పినదానిని కాగితముపై తీసికొనుడు. ధర తగ్గింపుమనుటకు అదియే ఆధారము. అమ్మువాడు పరీక్షకు ఒప్పుకొననిచో వాదింపనక్కరలేదు, నమస్కరించి వెడలిరండు. ఆ నిరాకరణమే పరీక్షాఫలము.

కొన్న తరువాత ప్లీడరు వద్దకు వచ్చుటకంటె, కొనుటకు ముందు మేస్త్రీ వద్దకు పోవుట చౌక. మా వృత్తికి నష్టమే అయినను ఈ మాట చెప్పక తప్పదు.