పశ్చాత్తాపమును పొరుగువాని బాకీయును

క్రైస్తవ మతమును గూర్చి మన విద్యావంతులు తఱచుగా చేయు నాక్షేపణ యొకటి కలదు. ఆఱు దినములు ఇచ్చవచ్చినట్లు నడచి యేడవనాడు కన్నీరు కార్చినవానిని దేవుడు క్షమించునట. పాపమునకు ఇంతకంటె ప్రోత్సాహమేమి కావలెనని వారి ప్రశ్న. దీనికి ప్రత్యుత్తరము చెప్పవలసిన సంఘస్థులలో కొందఱు తమ నడవడిచేత ఆ యాక్షేపణనే బలపఱుచుచున్నారు. కావున నాకు ఇరువురితోను వాదము తప్పదు. దైవక్షమను చౌకసరకుగా నెంచుటలో ఈ యాక్షేపకుడును ఆ భక్తుడును ఏకాభిప్రాయులే.

మొదట మాటను విచారింతము. తెలుగు బైబిలులో ఈ యర్థమున వాడిన పదము 'మారుమనస్సు'. గ్రీకు మూలమున దానికి 'మెటనోయియా' యని పేరు. బుద్ధి మాఱుట యని యర్థము. లాటిను బైబిలులో నీ స్థలమున ప్రాయశ్చిత్తము చేయుడని తోచు మాట చేరెను. పాపము నొప్పుకొనుట, గురువు విధించిన శిక్షను తీర్చుట, తుదకు రొక్కమిచ్చి యా శిక్షను తప్పించుకొనుట యను నాచారమునకు అది యాధారమయ్యెను. 1516లో ఎరాస్మస్ గ్రీకు మూలమును అచ్చువేయించి పండితులకు ఈ భేదమును తెలిపెను. 1517లో లూథరు తన తొంబదియైదు వాదములలో మొదటిదానిని దీనిపైననే నిలిపెను. పశ్చాత్తాపము ఒకనాటి కర్మము కాదనియు, విశ్వాసి జీవితమంతయు నదియే కావలెననియు ఆతని భావము. మన 'పశ్చాత్తాపము'లో తాపము మాత్రమే వినబడును. తాపము రేపటికి చల్లారవచ్చును. మనస్సు నిజముగా మాఱినయెడల నడక మాఱక తీరదు.

ఈ విషయము నెల్లూరిసీమకు క్రొత్తది కాదు. 1840లో శామ్యూల్ డే నెల్లూరికి వచ్చి అమెరికన్ బాప్టిస్టుల పని నారంభించెను. పాతికేండ్లు గడచినను ఫలము మిక్కిలి స్వల్పము. 1866లో జాన్ క్లౌ ఒంగోలున స్థిరపడెను. ఆ ప్రాంతము 1904 వఱకు నెల్లూరు జిల్లాలోనిదే. అచటి మాదిగలు బాప్తిస్మము కోరినప్పుడు వారికి ముఖ్యముగా మూడు నియమములు చెప్పిరి: విగ్రహములను పూజింపరాదు, ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసమును తినరాదు. చదువరికివి చిన్నవిగా తోచవచ్చును. కాని జాతరలో డప్పు కొట్టుట, పిలిచిననాడు పనికి పోవుట, చచ్చిన గొడ్డును తీసికొనిపోవుట యనునవే ఊరితో వారికి గల కట్టు. వానిని మానినవాడు పెద్దరైతుల కోపమునకు గుఱియై, కూలిని గింజలను పోగొట్టుకొనవలసివచ్చెను. నోటితో ఒప్పుకొనుటకు ఖర్చు లేదు. వారి మారుమనస్సునకు ఖర్చుండెను.

1876 మొదలు 1878 వఱకు ఘోరమైన కఱవు వచ్చెను. క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల పనిని గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. ఆ దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవారు అనేకులు. ఆకలిచేత వచ్చినవాడెవడో, మనస్సు మాఱి వచ్చినవాడెవడో తెలియదు గనుక ఆతడు ఒక సంవత్సరమునకు పైగా బాప్తిస్మములు నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3వ తేదీన వేలంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అందఱి హృదయములును ఒక్కతీరున మాఱెనని నేను చెప్పను. కాని లాభమునకు తావున్న కాలమున కన్నీటిని వెంటనే నమ్మరాదన్న వివేకము ఆతనికుండెను. నేటి సంఘములకు ఆ వివేకమే కొఱవడినది.

ఇప్పుడు సముద్రతీరమునకు రండు. ఒక ఆసామి రొయ్యల గుంట త్రవ్వించెననుకొందము. అందలి యుప్పునీరు ఊరి ప్రక్కనున్న విధవరాలి వరిచేనిలోనికి దిగినది. ఆమె బావినీరు నోట పెట్టరాకున్నది. ఆసామి కూటములో మోకరించి యేడ్చును, దశమభాగ మిచ్చును, గుడికి సున్నము వేయించును. బోధకుడు నీ పాపములు క్షమింపబడినవని ధైర్యము చెప్పును. ఆమె బావి మాత్రము ఉప్పుగానే యున్నది. ఇచ్చట క్షమించినదెవరు? నష్టపడిన దెవరు?

యేసు బోధ దీనికి సెలవియ్యదు. సహోదరునికి నీమీద ఫిర్యాదు గలదని తోచినయెడల కానుకను బలిపీఠమునొద్దనే విడిచి, మొదట వానితో సమాధానపడుమని యాతని యాజ్ఞ. సుంకరియైన జక్కయ్య ఆస్తిలో సగము బీదల కిచ్చెదననియు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లింతుననియు పలికెను. అప్పుడే ఆ యింటికి రక్షణ వచ్చెనని యేసు చెప్పెను.

క్షమను క్రియలతో కొనవలెనా, కృప యెక్కడ నిలుచునని ఒకరడుగుదురు. కొనవలసిన పనిలేదు. తప్పిపోయిన కుమారుడు దూరమున నుండగానే తండ్రి పరుగెత్తి కౌగిలించుకొనెను. జక్కయ్య లెక్క చెప్పకమునుపే యేసు ఆతని యింటికి వచ్చెను. కృప ముందు, ఋణము తీర్చుట వెనుక. అయితే వెనుక రావలసినది ఎన్నటికిని రానిచో, ముందు వచ్చినది లోపలికి చేరలేదనుట న్యాయము. దేవుని బాకీని దేవుడు విడువవచ్చును. విధవరాలి బాకీని ఆమెకు తెలియకుండ రద్దుపఱచు అధికారము ఏ బోధకునికిని లేదు.

ఇంకొక దురాచారము కలదు. నష్టపడినవారినే పిలిచి, నీవు క్షమింపకున్న నీకును క్షమ లేదని బెదరించుట. పదివేల తలాంతుల ఋణము మాఫీయైనను నూఱు దేనారముల బాకీదారుని గొంతు పట్టిన దాసుని కథను ఇందుకు వాడుదురు. ఆ కథలో గొంతు పట్టినవాడు బలవంతుడు. ఆ బెదరింపు ఆతనికి. తప్పు చేసినవానిని మందలింపుము, వాడు మారుమనస్సు పొందినయెడల క్షమింపుము అనునది కూడ యేసు మాటయే. మందలింపును మ్రింగివేసి క్షమను మాత్రము పిండుట అన్యాయము.

ఇక ఆక్షేపకులారా, మీరును మీ యింటిని చూచుకొనుడు. పొరుగువాని గట్టును కలుపుకొన్నవాడు పెన్నలో మునిగి, గోదానము చేసి శుద్ధుడయ్యెనని మనవారు అనలేదా? మతము వేఱు, మోసమొక్కటే.

బోధకులకు నా విన్నపమొక్కటి. ప్రభురాత్రి భోజనమునకు ముందు, నీ పాపమేమని యడుగుటతో తృప్తిపడక, నీ చేతిలో నున్నది ఎవరి సొత్తని కూడ అడుగుడు. దానిని మరల నిచ్చివచ్చినవానికి రొట్టె విఱిచి యిండు. అట్లు చేసిన సంఘమును చూచిన దినమున, క్రైస్తవుల దేవుడు పాపమును పోషించునను మాట ఈ సీమలో ఎవరి నోటను రాదు.