వల ఖాళీగా వస్తే కరువు కాదా?

మౌలాలి గుట్ట కింద ఉండేవాడికి సముద్రంతో పనేమిటని సంఘంలోనే కొందరు అడుగుతున్నారు. మన కోళ్ల దాణాలో, కోస్తా రొయ్యల మేతలో కలిసే చేపపొడి ఎక్కడిది? అందులో నూనె కవళ్లదే పెద్ద వాటా. 2012లో కేరళ తీరంలో దాదాపు 4 లక్షల టన్నులు పడ్డ ఈ చేప 2021లో 3,297 టన్నులకు పడిపోయింది. జాలర్లు అతిగా వేటాడారని తేల్చేస్తే ఏలినవారికి సులువు. అతివేట ఉంది, కాదనను. కానీ అడుగు నుంచి చల్లని నీరు పైకి రాకపోతే మేత ఉండదు, మేత లేనిచోట కవళ్లు ఆగవు. ఒకప్పుడు మలబారుకే పరిమితమైన ఆ చేప మన తూర్పు తీరానికీ విస్తరించిందనీ, కానగుర్తలు లోతుకు దిగుతున్నాయనీ కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థే చెప్పింది. (కానగుర్త శాస్త్రీయ నామంలో ఉన్నది మన విశాఖ జాలర్ల మాటే.) లోతుకు పోయిన చేప పెద్ద ట్రాలరుకు దొరుకుతుంది, తెప్ప మీద పోయేవాడికి దొరకదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. దానికి ఆంధ్రలో 20 వేల భృతి, అదీ కొట్లాడితే పెరిగింది. మిగతా పది నెలలు డీజిల్ కాల్చుకుని ఉత్త వలతో తిరిగొస్తే? వేటలో చనిపోతే 5 లక్షల ప్రమాద బీమా ఉంది. చేప పడకపోతే పైసా లేదు. చావుకు ధర కట్టారు గానీ బతుకుకు కట్టలేదు.

రేవుల్లో పట్టుబడి లెక్కలు ఏటా తీస్తూనే ఉన్నారు. ఆ లెక్క పడిపోయిన ఏడు, వానలు లేని మండలాన్ని ప్రకటించినట్టే ఆ రేవునూ కరువు రేవుగా ప్రకటించాలి, అప్పుల వసూళ్లు ఆపాలి. ఈ డిమాండును మన సంఘం కోర్కెల పత్రంలో ఈసారే చేర్చాలి.