కొలత చెప్పిన చాలదు, కొలిచిన తీరు చెప్పవలెను

శాస్త్ర పరిశోధనకు చేయుట, చేసినదానిని వ్రాయుట అని రెండంగములు కలవు. మొదటిదానికి ప్రయోగశాల కావలెను. రెండవదానికి భాష కావలెను. భాషాధ్యాపకులమైన మేము ఎలుకల కన్నులను గూర్చి వ్రాయుట విద్యార్థులకు వింతగా తోచవచ్చును గాని, మేము చెప్పదలచినది ఆ రెండవ అంగమును గూర్చియే.

కంటి లోపల, వెనుకవైపున పరచుకొనియున్న పలుచని పొరకు నేత్రపటలమని పేరు. వెలుగును గ్రహించి మెదడునకు వార్త పంపునది అదియే. పూర్వము ఎలుకలలో దాని అంతర్భాగములను పరీక్షింపవలెనన్న ప్రాణిని చంపి, కన్ను తీసి, కోసి, సూక్ష్మదర్శిని క్రింద ఉంచవలసి వచ్చెడిది. 1991లో వెలుగు చూచిన ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ, వాడుకలో ఓ.సి.టి., ఆ స్థితిని మార్చినది. కంటిలోనికి కాంతిని పంపి, తిరిగివచ్చిన కాంతినిబట్టి పొరల మందమును కొలుచుటకు వీలైనది. ఒకే ప్రాణిని పలుమారులు చూడవచ్చును. చంపవలసిన ప్రాణుల సంఖ్య తగ్గును. గ్లాకోమాకు, వంశపారంపర్యముగా వచ్చు అంధత్వమునకు చికిత్స వెదకువారికి ఇది గొప్ప సాధనము.

అయితే చిక్కొకటి కలదు. నేత్రపటలము పలుచబడినదని ఒక వ్యాసము చెప్పును. పలుచబడలేదని మరియొకటి చెప్పును. ఇరువురును సత్యమే పలికియుండవచ్చును. కొలిచిన తావులు వేరై యుండవచ్చును. మనుష్యుని కన్ను ముందునుండి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్లు. చిట్టెలుక కన్ను 3 మిల్లీమీటర్లకు కొంచెము మించును. మన కంటిలో మాక్యులా అను కేంద్రస్థానము గుర్తుగా నిలుచును; చిట్టెలుకకు అది లేదు. అంచులకు పోయినకొలది పటలము పలుచనగును గనుక, దృష్టినాడి బయలుదేరు చోటినుండి ఎంత దూరమున కొలిచిరో చెప్పనిచో ఆ సంఖ్యకు విలువ లేదు. నాడీతంతువుల పొర మిక్కిలి పలుచనిది గావున పలువురు దానిని ప్రక్కపొరలతో కలిపి కొలుతురు. ఏ పొరలను కలిపిరో చెప్పవలదా? మత్తుమందు ఇచ్చిన చిట్టెలుక రెప్ప వేయదు. కన్ను ఎండిపోవును, కటకము సైతము తాత్కాలికముగా తెల్లబడవచ్చును. ఏ మత్తు ఇచ్చిరి? మసక చిత్రములను దేనినిబట్టి విడిచిరి?

ఒక్క అక్షరము విడిచినను ప్రమాదమే. ప్రయోగశాలలలో విరివిగా వాడు సి57బిఎల్/6ఎన్ అను చిట్టెలుకల శాఖలో నేత్రపటలమును చెడగొట్టు ఆర్‌డి8 అను జన్యులోపము కలదని 2012లో వెల్లడియైనది. దాని సోదరశాఖయగు 6జె యందు ఆ లోపము లేదు. వ్యాసమున చివరి అక్షరము లోపించినచో, పుట్టుకతో వచ్చిన మచ్చను పాఠకుడు ప్రయోగఫలమని భ్రమించును. పది ప్రాణుల ఇరువది కన్నులను ఇరువది స్వతంత్ర సాక్ష్యములుగా లెక్కించుటయు ఇట్టి దోషమే.

జంతుప్రయోగములను నివేదించుటకు ఎరైవ్ అను నియమావళి 2010లో వెలువడి, 2020లో సంస్కరింపబడినది. మనుష్యుల ఓ.సి.టి. పరీక్షలను నివేదించుటకు అపోస్టెల్ అను తొమ్మిదంశముల పట్టిక 2016లో వచ్చి, 2021లో సవరింపబడినది. మొదటిది ప్రాణిని గూర్చి అడుగునంతగా చిత్రమును గూర్చి అడుగదు. రెండవది చిత్రమును గూర్చి అడుగును గాని ఎలుకల శాఖాభేదములకై ఏర్పడినది కాదు. ఈ రెంటి సారమును కలిపిన పట్టికను వ్యాసస్వీకారమునకు షరతుగా ప్రతి పత్రికయు విధింపవలెనని మా అభిప్రాయము.

అందరిని ఒకే మూసలో పోసినచో కొత్తపద్ధతులు పుట్టవని కొందరందురు. ఆ భయము అనవసరము. ప్రాచీన కావ్యమును పరిష్కరించు పండితుడు తనకు నచ్చిన పాఠమును గ్రహింపవచ్చును. కాని ఏయే ప్రతులను చూచెనో, విడిచిన పాఠాంతరములేవో పుట అడుగున చూపక తప్పదు. అందుచేతనే తరువాతివాడు అతనితో విభేదింపగలుగును. ఎవరి పద్ధతి వారిదే కానిండు. ఆ పద్ధతి యేదో పూర్తిగా వ్రాయవలెను.

ఇది కేవలము కాగితపు తగవు కాదు. వివరము లేని వ్యాసమును నమ్మలేక మరియొక ప్రయోగశాల అదే పనిని మరల చేయును. మరికొన్ని మూగప్రాణులు బలియగును. చూపు మందగించుచున్న రోగి ఆశ మరికొన్నేండ్లు వాయిదా పడును.

మన కళాశాలలో ఓ.సి.టి. యంత్రము లేదు, ప్రాక్టికల్ రికార్డులు కలవు. ఏ పరికరముతో కొలిచిరి, ఎన్నిమారులు కొలిచిరి, ఏ కొలతను ఎందుకు విడిచిరి అను మూడు ప్రశ్నలను ప్రతి రికార్డు మొదటి పుటలో అచ్చు వేయింపుడని కమిటీవారికి మా మనవి. విద్యార్థులారా, అనుకున్న జవాబు రాని కొలతను చెరిపివేయకుడు. దానిని అట్లే యుంచి, ప్రక్కన కారణము వ్రాయుడు. రేపు మీలో ఎవరైనను పరిశోధకులైనచో, ఈ యలవాటే మీ మాటకు విలువ తెచ్చును.